యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్: ప్రభుత్వ విధానం, ఆర్థిక వృద్ధి

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ) ఏడు ఎమిరేట్ల సమాఖ్య. 1971 డిసెంబర్ 2న అబుదాబి, దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ ఖువైన్, ఫుజైరా కలిసి దీన్ని ఏర్పాటు చేసుకున్నాయి. రస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో చేరింది. 1968 జనగణన నాటికి ఈ తీరమంతా కలిపి ఉన్నది దాదాపు లక్షా ఎనభై వేల మంది. ఇప్పుడు జనాభా కోటి దాటింది. వారిలో దేశ పౌరులు పదింట ఒక వంతుకు అటూఇటూగా ఉంటారు. 2024లో స్థిర ధరల లెక్కన జీడీపీ సుమారు 1.78 లక్షల కోట్ల దిర్హమ్‌లు. అందులో నాలుగింట మూడు వంతులు చమురేతర రంగాల నుంచి వచ్చింది.

ఇదంతా చమురు మహిమేనని చెప్పి ఊరుకోవచ్చు. కానీ చమురు ఉండీ ఎదగని దేశాలు చాలా ఉన్నాయి. పైగా దుబాయ్ చమురు అబుదాబి నిల్వల పక్కన లెక్కలోకి రానంత తక్కువ. ప్రభుత్వ విధానానికీ వృద్ధికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించేవారు తరచూ కమ్యూనిజం నుంచి బయటపడ్డ తూర్పు యూరప్ దేశాల వైపు చూస్తారు. 1990 జనవరి 1న పోలండ్ బాల్సెరోవిచ్ ప్రణాళికతో ధరలపై పట్టు వదిలింది. 1994లో ఎస్టోనియా అందరికీ ఒకే ఆదాయపు పన్ను రేటు పెట్టింది. ప్రభుత్వం తప్పుకుంటేనే మార్కెట్ పుడుతుందన్నది ఆ అనుభవాల నుంచి చాలామంది తీసుకున్న పాఠం. యూఏఈ దీనికి ఎదురు దిశలో నడిచింది. వదిలించుకోవడానికి ఇక్కడ ప్రభుత్వ కర్మాగారాలు లేవు, వాటిని కొనగల దేశీయ పెట్టుబడిదారులూ పెద్దగా లేరు. పాలక కుటుంబాల చేతిలోని ప్రభుత్వాలే రేవులు తవ్వించాయి, విమానాలు కొన్నాయి, భూములు అమ్మాయి, కంపెనీలు పెట్టాయి. పన్నులు తక్కువ కాబట్టి పైకి స్వేచ్ఛా విపణిలా కనిపిస్తుంది గానీ, పెద్ద వ్యాపారాల్లో చాలావాటికి అసలు యజమాని ప్రభుత్వమే.

చమురుకు ముందు

20వ శతాబ్దం తొలి ఏళ్లలో పర్షియా ప్రభుత్వం లింగా రేవులో సుంకాల భారం పెంచింది. అదే కాలంలో దుబాయ్ పాలకుడు షేక్ మక్తూమ్ బిన్ హషర్ తన రేవులో సుంకాన్ని ఎత్తేశారు. లింగా వర్తకులు ఎందరో ఇవతలి ఒడ్డుకు మారిపోయారు. పొరుగు ప్రభుత్వం బిగించినప్పుడల్లా ఇక్కడ సడలించడం అనే పద్ధతి అప్పటినుంచీ దుబాయ్‌ను వదల్లేదు. 1930లలో జపాన్ పెంపకపు ముత్యాలు, ప్రపంచ మాంద్యం కలిసి ముత్యాల వేటను దెబ్బతీశాయి. తీరం మొత్తం కుదేలైనా వర్తకం మాత్రం మిగిలింది.

షేక్ రషీద్ బిన్ సయీద్ 1958లో దుబాయ్ పాలకుడయ్యారు. ఊరి మధ్యనున్న క్రీక్ ఇసుక మేట వేసి పెద్ద పడవలు రాలేని స్థితిలో ఉండేది. ఆయన కువైట్ నుంచి అప్పు తెచ్చి దాన్ని తవ్వించారు. అప్పటికి దుబాయ్‌లో చమురు దొరకనే లేదు. ఫతే క్షేత్రం బయటపడింది 1966లో, ఎగుమతి మొదలైంది 1969లో. అప్పు తెచ్చి ముందు సౌకర్యం కట్టడం, వ్యాపారం తర్వాత వస్తుందని నమ్మడం దుబాయ్ విధానంలో రెండో లక్షణం. 2009లో మెడకు చుట్టుకున్నదీ ఇదే నమ్మకం.

ఆ దశాబ్దంలో దుబాయ్‌కి కలిసొచ్చిన విధానం మరొకటుంది. దాన్ని రాసింది దుబాయ్ కాదు, న్యూఢిల్లీ. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు, 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చాక మన దేశంలో బంగారం కొరత పెరిగింది, పెళ్లిళ్ల గిరాకీ మాత్రం తగ్గలేదు. యూరప్ నుంచి బంగారం చట్టబద్ధంగా దుబాయ్‌లో దిగేది. అక్కడి నుంచి పడవల్లో దొంగచాటుగా మన పశ్చిమ తీరానికి చేరేది. దుబాయ్ చట్టం దృష్టిలో అది మామూలు ఎగుమతి, మన చట్టం దృష్టిలో స్మగ్లింగ్. ఆ చట్టాన్ని మన ప్రభుత్వం 1990లో రద్దు చేసింది. 2022 మే 1న అమల్లోకి వచ్చిన భారత్–యూఏఈ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఏకంగా దుబాయ్ బంగారానికి సుంకంలో రాయితీ కోటా ఇచ్చింది.

చమురు సొమ్ము, ఎమిరేట్ల పంపకం

అబుదాబిలో చమురు 1958లో దొరికింది, తొలి ఎగుమతి 1962లో. డబ్బు ఖర్చు పెట్టడానికి వెనకాడిన అన్న షేక్ షఖ్‌బూత్ స్థానంలో 1966లో షేక్ జాయెద్ పాలకుడయ్యారు. రోడ్లు, బడులు, ఆసుపత్రులు, పౌరులకు ఇళ్లు ఆ తర్వాతి మాట.

సమాఖ్య రాజ్యాంగంలోని 23వ అధికరణం దేశ ఆర్థిక విధానానికంతా మూలం. ఏ ఎమిరేట్ నేల కింది సంపద ఆ ఎమిరేట్‌దేనని అది చెబుతుంది. నిల్వల్లో తొంభై శాతానికి పైగా అబుదాబివి. కాబట్టి సమాఖ్య ప్రభుత్వ ఖజానా చిన్నదిగానే ఉండిపోయింది. 2025 సమాఖ్య బడ్జెట్ 7,150 కోట్ల దిర్హమ్‌లు మాత్రమే. అసలు ఖర్చు ఎమిరేట్ల బడ్జెట్లలో, వాటి కంపెనీల ఖాతాల్లో జరుగుతుంది. ఒక దేశం, ఒక విధానం అనుకుని యూఏఈని చదివితే పొరపాటు పడతాం. అబుదాబి పొదుపరి, దుబాయ్ అప్పులకు వెనకాడని వ్యాపారి. షార్జా చిన్న పరిశ్రమల మీద ఆధారపడింది. మిగిలినవి సిమెంటు, సెరామిక్స్, రాయి, రేవులతో నెట్టుకొచ్చాయి.

1970లలో సౌదీ, కువైట్, ఇరాక్ చమురును పూర్తిగా ప్రభుత్వపరం చేసే దారి పట్టాయి. అబుదాబి 60 శాతం వాటా తీసుకుని విదేశీ కంపెనీలను 40 శాతంతో కొనసాగనిచ్చింది. సాంకేతికత, పెట్టుబడి ఆగకుండా వచ్చాయి. ఆ తలుపు తెరిచి ఉండటం వల్లే 2018లో ఓఎన్‌జీసీ విదేశ్ నాయకత్వంలోని భారతీయ సంస్థలకు లోయర్ జకుమ్ సముద్ర క్షేత్రంలో 10 శాతం వాటా దక్కింది. మిగులు సొమ్మును విదేశాల్లో మదుపు చేయడానికి 1976లో అబుదాబి ఇన్వెస్ట్‌మెంట్ అథారిటీ, దేశంలో పరిశ్రమలు నెలకొల్పడానికి 2002లో ముబాదలా వచ్చాయి. 2012లో హబ్షాన్ నుంచి ఫుజైరాకు వేసిన గొట్టపు మార్గం హోర్ముజ్ జలసంధి దాటకుండానే రోజుకు 15 లక్షల పీపాల చమురును ఓడకెక్కించగలదు. బరాకా అణు కేంద్రం నాలుగు యూనిట్లు దేశ విద్యుత్తులో నాలుగో వంతు ఇస్తున్నాయి. ఇలాంటి పెట్టుబడులకు ప్రైవేటు లెక్కలు ఒప్పవు. పాతికేళ్లు ఆగగల యజమాని కావాలి.

కంచె లోపల వేరే చట్టం

1984 నాటి సమాఖ్య కంపెనీల చట్టం ప్రకారం దేశంలో పెట్టే కంపెనీలో 51 శాతం వాటా స్థానిక పౌరుడిది కావాలి. ఆ మరుసటి ఏడాదే, 1985లో, దుబాయ్ జెబెల్ అలీ రేవు పక్కన ఒక కంచె గీసి, దాని లోపల విదేశీయులకు నూటికి నూరు శాతం యాజమాన్యం ఇచ్చింది. లాభాలు బయటికి తీసుకుపోవడానికి అడ్డు లేదు, పన్ను లేదు. చట్టమూ, దాన్నుంచి తప్పించుకునే దారీ ఏడాది తేడాతో పుట్టాయి. యూఏఈ ఆర్థిక విధానమంతా ఈ జంటలో ఉంది: దేశీయుల ప్రయోజనం కాపాడే నియమం దశాబ్దాలపాటు మారదు, వృద్ధికి అవసరమైన మినహాయింపు మాత్రం ఒక గీత లోపల దొరుకుతుంది.

జెబెల్ అలీ రేవు 1979లోనే ప్రారంభమైంది. ఎడారిలో అంత పెద్ద రేవు ఎందుకని అప్పట్లో అడిగినవారు తక్కువేం కాదు. 19 కంపెనీలతో మొదలైన మండలంలో ఇప్పుడు పది వేలకు పైగా ఉన్నాయి. 1985 అక్టోబర్‌లోనే ఎమిరేట్స్ విమాన సంస్థ పాకిస్తాన్ నుంచి అద్దెకు తీసుకున్న విమానాలతో ఎగిరింది. విదేశీ విమాన సంస్థలకు కూడా తలుపులు తెరిచి ఉంచడం దుబాయ్ చేసిన అసలు పని. రేవు, విమానాశ్రయం, మండలం ఒకే ప్రభుత్వానివి కావడంతో ఒకదాని నష్టం మరోదాని లాభంలో సర్దుకునేది.

1991లో సోవియట్ యూనియన్ కూలినప్పుడు ఈ ఏర్పాటు ఇంకో విధంగా అక్కరకొచ్చింది. రష్యా, మధ్య ఆసియాల నుంచి చిల్లర వర్తకులు ఖాళీ సంచులతో షార్జాలో, దుబాయ్‌లో దిగి దేరా బజార్లలో టీవీలు, బట్టలు, ఎలక్ట్రానిక్ సామాను కొనుక్కుని పోయేవారు. అక్కడి ప్రభుత్వాలు ధరలు వదిలేసిన ఫలితాన్ని ఇక్కడి దుకాణాలు అందుకున్నాయి. మూడు దశాబ్దాల తర్వాత, 2022 ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా డబ్బు మళ్లీ వచ్చింది, ఈసారి అపార్ట్‌మెంట్లలోకి.

కంచె పద్ధతి తర్వాత సరుకుల నుంచి సేవలకు పాకింది. 2000లో దుబాయ్ ఇంటర్నెట్ సిటీ, 2004లో దుబాయ్ అంతర్జాతీయ ఆర్థిక కేంద్రం వచ్చాయి. ఈ రెండోది మరీ విశేషం. దాని సరిహద్దు లోపల వాణిజ్య వివాదాలు అరబిక్‌లో కాక ఇంగ్లిష్‌లో, ఇంగ్లండ్ సంప్రదాయ న్యాయ సూత్రాలతో, వేరే కోర్టుల్లో నడుస్తాయి. అబుదాబి 2015 నుంచి అల్ మరియా దీవిలో ఇలాంటి కేంద్రాన్నే నడుపుతోంది. దేశంలో ఇప్పుడు నలభైకి పైగా స్వేచ్ఛా మండలాలు ఉన్నాయి.

ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి. కంచె లోపలి కంపెనీకి బయటి ఊరితో పని తక్కువ కాబట్టి స్థానిక సరఫరాదారులు ఎదగలేదు. పౌరులు లైసెన్సుకు పేరు అరువిచ్చి ఏటా రుసుము తీసుకోవడం ఒక ఆదాయమైంది తప్ప వ్యాపార అనుభవం కాలేదు. ఇన్ని మండలాల్లో కంపెనీ అసలు యజమాని ఎవరో తేల్చడం కష్టమై, 2022 మార్చిలో నల్లధనం చలామణిపై నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ దేశాన్ని గ్రే లిస్టులో చేర్చింది. నిబంధనలు బిగించాక 2024 ఫిబ్రవరిలో తొలగించింది. చాలా రంగాల్లో 51 శాతం నియమాన్ని 2021 జూన్‌లో ఎత్తేశారు. జెబెల్ అలీ ప్రయోగం దేశమంతటికీ చేరడానికి 36 ఏళ్లు పట్టింది.

డాలరు ముడి

ఈ తీరం ఒకప్పుడు మన రూపాయి మీదే నడిచింది. 1959 నుంచి రిజర్వ్ బ్యాంకు ప్రత్యేకంగా ముద్రించిన గల్ఫ్ రూపాయి చెలామణిలో ఉండేది. 1966 జూన్‌లో భారత్ రూపాయి విలువ తగ్గించడంతో ఎమిరేట్లు దాన్ని వదులుకున్నాయి. దిర్హమ్ 1973 మేలో వచ్చింది. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హమ్‌ల రేటు మారలేదు. చమురు డాలర్లలో అమ్మే దేశానికి, విదేశీ పెట్టుబడి కోరే దేశానికి ఈ స్థిరత్వం మేలే. కాకపోతే వడ్డీ రేటు అబుదాబిలో కాక వాషింగ్టన్‌లో నిర్ణయమవుతుంది. 2007–08లో అమెరికా మాంద్యం భయంతో వడ్డీలు తగ్గించింది. అదే సమయంలో ఇక్కడ చమురు ధర ఎగసి, క్రేన్లు తిరిగి, ద్రవ్యోల్బణం పది శాతం దాటింది. మంటల్లో ఉన్న ఇంటికి గాలి తోడైనట్టయింది.

జీతగాళ్లకు దెబ్బ రెండు వైపులా తగిలింది. 2007 చివర్లో డాలరు 39 రూపాయలకు దిగినప్పుడు దిర్హమ్ విలువ 11 రూపాయల లోపుకు పడింది. గదుల అద్దె పెరిగింది, ఇంటికి పంపే రూపాయలు తగ్గాయి. ఆ ఏడాది దుబాయ్‌లో వేల మంది నిర్మాణ కార్మికులు కూలి పెంచమని పని ఆపారు. సమ్మెకు చట్టంలో చోటు లేని దేశంలో ఇది చిన్న విషయం కాదు. 2024 చివరికి దిర్హమ్ 23 రూపాయలు దాటింది. మన రూపాయి పతనం గల్ఫ్ కుటుంబానికి జీతం పెరిగినట్టే కనిపిస్తుంది.

2009 సంక్షోభం

2002లో దుబాయ్ విదేశీయులకు ఇళ్లు సొంతంగా కొనుక్కునే వీలిచ్చింది. అప్పటిదాకా అద్దెకుండి వెళ్లిపోయేవారు పెట్టుబడిదారులయ్యారు. ప్రభుత్వ సంస్థలే సముద్రంలో దీవులు పోసి అమ్మకానికి పెట్టాయి, అందుకోసం ప్రపంచమంతటా అప్పు చేశాయి. 2008 సెప్టెంబర్‌లో అప్పు పుట్టే మార్గాలు మూసుకున్నాయి. 2009 నవంబర్ 25న దుబాయ్ వరల్డ్ తన అప్పుల చెల్లింపుకు ఆరు నెలల గడువు అడిగింది. అది ప్రభుత్వ కంపెనీయే కాబట్టి ప్రభుత్వమే హామీ అనుకున్న బ్యాంకులు కంగుతిన్నాయి. డిసెంబర్ 14న అబుదాబి 1,000 కోట్ల డాలర్లు ఇచ్చింది. మూడు వారాల తర్వాత, 2010 జనవరి 4న, బుర్జ్ దుబాయ్ పేరుతో కట్టిన ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనం అబుదాబి పాలకుడు షేక్ ఖలీఫా పేరుతో ప్రారంభమైంది. సమాఖ్యలో ఎవరి మాట చెల్లుతుందో దానికన్నా తేటగా ఎవరూ చెప్పలేదు. 2009లో దేశ జీడీపీ సుమారు 5 శాతం తగ్గింది. 2020లో కోవిడ్ కాలంలో మళ్లీ అంతే తగ్గింది. 2009 దెబ్బ దేశం లోపలి విధానం తెచ్చుకున్నది, 2020 దెబ్బ బయటి నుంచి వచ్చింది.

పన్నులు లేని దేశంలో పన్నులు

2014 మధ్యలో చమురు ధర కూలింది. 2015 ఆగస్టులో పెట్రోలు, డీజిల్‌పై రాయితీ ఎత్తేసి నెలనెలా ధర ప్రకటించడం మొదలుపెట్టారు. 2017 అక్టోబర్‌లో పొగాకు, శీతల పానీయాలపై ప్రత్యేక పన్ను వచ్చింది. 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ వచ్చింది. అప్పటిదాకా లాభాలపై పన్ను కట్టింది చమురు కంపెనీలు, విదేశీ బ్యాంకుల శాఖలే. 2023 జూన్ నుంచి 3.75 లక్షల దిర్హమ్‌లు దాటిన లాభంపై 9 శాతం కంపెనీ పన్ను అమలైంది. 2025 నుంచి పెద్ద బహుళజాతి సంస్థలకు కనీసం 15 శాతం. వ్యక్తుల జీతాలపై ఆదాయపు పన్ను మాత్రం లేదు.

వసూళ్ల కన్నా ఈ మార్పుకున్న అర్థం పెద్దది. చమురు డబ్బుతో నడిచే ప్రభుత్వానికి ప్రైవేటు వ్యాపారి బాగోగులతో నేరుగా సంబంధం ఉండదు. లాభంలో వాటా మొదలయ్యాక ఉంటుంది. 2019లో గోల్డెన్ వీసా, 2022 జనవరిలో శని, ఆదివారాల సెలవు, కొత్త కంపెనీల చట్టం ఈ కాలానివే. 2031 నాటికి జీడీపీని 3 లక్షల కోట్ల దిర్హమ్‌లకు, అంటే లక్ష్యం పెట్టుకున్ననాటి స్థాయికి రెట్టింపుకు, చేర్చాలన్నది సమాఖ్య పెట్టుకున్న లక్ష్యం.

రస్ అల్ ఖైమా, ఆంధ్ర తీరం

ప్రభుత్వమే వ్యాపారిగా తిరిగే ఈ పద్ధతి తెలుగు నేల మీదికీ వచ్చింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో వాడరేవు–నిజాంపట్నం రేవుల పారిశ్రామిక నడవా, వాన్‌పిక్, కోసం ఒప్పందం చేసుకుంది. భూసేకరణ వివాదమై, సీబీఐ కేసులకెక్కి పథకం ఆగిపోయింది. అప్పటి విశాఖ జిల్లా మాకవరపాలెంలో రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ భాగస్వామిగా అన్‌రాక్ అల్యూమినా శుద్ధి కర్మాగారం లేచింది. మన్యంలో గిరిజనుల వ్యతిరేకత మధ్య బాక్సైట్ సరఫరా రద్దవడంతో ఆ సంస్థ 2016లో భారత్‌పై అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. భూమి, అనుమతి, పెట్టుబడి ఒకే చేతిలో ఉండే చోట సాగే పద్ధతి, రైతు, గిరిజనుడు, కోర్టు, ప్రతిపక్షం ఉన్న చోట సాగలేదు. ఆ అడ్డంకులు ఉండవలసినవే.

మనుషుల దిగుమతి

యూఏఈ వృద్ధిలో ఎక్కువ భాగం ఉత్పాదకత వల్ల కాక మనుషుల సంఖ్య పెరగడం వల్ల వచ్చింది. 1980లో పది లక్షలున్న జనాభా 2010 నాటికి ఎనభై లక్షలు దాటింది. జీడీపీ ఎగసింది గానీ, స్థిర ధరల్లో తలసరి ఆదాయం ఆ మూడు దశాబ్దాల్లో తగ్గింది. కోరినంత మందిని కోరిన జీతానికి తెచ్చుకోగలిగిన చోట యంత్రం కొనాలన్న తొందర యజమానికి ఉండదు. జీతం తక్కువగా ఉంచింది మార్కెట్ ఒక్కటే కాదు, వీసా విధానం కూడా. కఫాలా పద్ధతిలో కార్మికుడి నివాస హక్కు కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) చేతిలో ఉంటుంది. పని మారితే దేశమే వదలాల్సిన పరిస్థితి దశాబ్దాలు సాగింది.

సడలింపులు విడతలుగా వచ్చాయి. 2009లో జీతాలు బ్యాంకు ద్వారానే చెల్లించాలన్న వ్యవస్థ వచ్చింది. 2011 నుంచి ఒప్పందం ముగిశాక పాత యజమాని అనుమతి లేకుండా పని మారవచ్చు. 2022 ఫిబ్రవరిలో కొత్త కార్మిక చట్టం, 2023 జనవరిలో ఉద్యోగం పోయినవారికి బీమా అమలయ్యాయి. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని నిషేధం. సంఘం పెట్టుకునే హక్కు మాత్రం లేదు, విదేశీ కార్మికులకు చట్టబద్ధ కనీస వేతనమూ లేదు. మరోవైపు, యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలు నైపుణ్య ఉద్యోగాల్లో ఏటా 2 శాతం చొప్పున పౌరులను పెంచుకోవాలని 2022 నుంచి నియమం పెట్టారు. జీతం, సెలవులు మెరుగ్గా ఉండే ప్రభుత్వ కొలువునే పౌరులు కోరుకోవడం దీనికి కారణం.

తెలంగాణ పల్లెల్లో బతుకుదెరువుకు 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అన్న మూడు దారులుండేవి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పాత జిల్లాల నుంచి 1970ల చివర మొదలైన ప్రయాణం ఆగలేదు. వర్షాధార సేద్యం, కూలిన మగ్గాలు ఇక్కడి నుంచి తోశాయి, అక్కడి నిర్మాణం లాగింది. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టి, విజిట్ వీసా మీద వెళ్లి, గడువు దాటి 'ఖల్లివెల్లి'గా మిగిలినవారికి మన ఈమైగ్రేట్ నమోదు రక్షణ గానీ, అక్కడి కార్మిక చట్టం గానీ పెద్దగా అక్కరకు రావు. వారికున్న దారి అప్పుడప్పుడూ వచ్చే క్షమాభిక్ష. 2007, 2012, 2018ల తర్వాత 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా మళ్లీ ప్రకటించారు. గోల్డెన్ వీసా ఉన్నవాడికి పదేళ్లు, క్యాంపులో ఉన్నవాడికి రెండేళ్లు: విధానం ఇప్పుడు ఎవరిని నిలుపుకోవాలనుకుంటోందో ఈ గడువులే చెబుతాయి.

రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం మన దేశానికి విదేశాల నుంచి వచ్చే సొమ్ములో యూఏఈ వాటా 2016–17లో 26.9 శాతం, 2023–24లో 19.2 శాతం. మొదటి స్థానం అమెరికాకు పోయింది. మొత్తం సొమ్ములో తెలంగాణకు 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం చేరుతోంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. ఆ కార్మికుడి చదువు ఖర్చు, ముసలితనం, చావు, ఇవేవీ యూఏఈ వృద్ధి లెక్కలో లేవు. వాటిని భరించేది పంపిన ఊరు, పంపిన రాష్ట్రం.